రాళ్లవాన తర్వాత మొలిచిన పచ్చిగడ్డి గుర్రాలకు మేపొచ్చా?
గుర్రాలు సాకేవాళ్లు ఎవరైనా ఉంటే కొంచెం చెప్పండన్నా. మాది ధర్మసాగర్ దగ్గర, పెళ్లి బరాత్‌లకు తిప్పే గుర్రాలు రెండున్నాయి. శివరాత్రి దాటాక చెరువు శిఖంలో గడ్డంతా ఎండిపోయి, ఎండు జొన్న చొప్పతోనే నెట్టుకొచ్చాను. మొన్న ఉగాది తర్వాత రాళ్లవాన పడిందా, వారంలోనే నేలంతా పచ్చబడింది, ఇవేమో తాడు తెంపుకునేలా గుంజుతున్నాయి. మేత ఒక్కసారిగా మారిస్తే కడుపునొప్పి వస్తుందని తెలుసు, అందుకే ముందు చొప్ప వేసి అరగంటే వదులుతున్నా. అసలు టెన్షన్ పక్క చేనుతో. కోసిన జొన్న మోళ్లకు మళ్లీ పిలకలొచ్చాయి, లేత పిలకల్లో విషం ఉంటుంది, బర్రెలు తింటే చచ్చిపోతాయని మా నాన్న అనేవాడు. గుర్రాలకూ అంతేనా? ఎంత ఎత్తు పెరిగాక భయం ఉండదు? ఇంకోటి, వానకు తడిసిన చొప్ప ఆరబెట్టి వేయొచ్చా, బూజు వాసనైతే కొంచెం వస్తోంది.