భూమి వేడెక్కడానికి కారణం మనం వేసే మంటా, ఆ మంట వదిలే వాయువా?

టర్బైన్‌తాత:
ఇరవై ఎనిమిదేళ్లు బొగ్గు విద్యుత్ కేంద్రంలో పనిచేసి విరమించినవాడిని. నాది పుస్తకాల చదువు కాదు, చేతులు కాలిన చదువు అని ముందే చెబుతున్నాను.

బొగ్గు మండితే వచ్చే వేడిలో నూటికి ముప్పై అయిదు, మహా అయితే నలభై పాళ్లు కరెంటుగా మారుతుంది. తక్కినది కండెన్సర్ (టర్బైన్ తిప్పిన ఆవిరిని తిరిగి నీరు చేసే పరికరం) నీళ్లలోకీ పొగగొట్టంలోకీ పోతుంది. కండెన్సర్ నుంచి వచ్చే గొట్టం మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా ఉండేది, అంతే. కానీ ఆ గొట్టం పక్కన నేను నిలబడితే లోపల నీరు పారే ఊపుకి కాళ్ల కింద నేల అదిరేది. ఆ గోరువెచ్చని నీళ్లు మోసుకుపోయే వేడి, మేము తీగల్లోకి పంపే కరెంటు కన్నా ఎక్కువ. పోనీ ఆ కరెంటు మాత్రం ఏమైంది? మోటారు తిప్పినా, దీపం వెలిగించినా చివరికి అదీ వేడే. శక్తి నశించదు కదా.

లోకమంతా రాత్రింబవళ్లు ఇలా మండిస్తుంటే భూమి వేడెక్కక ఏమవుతుంది? ఇది వదిలిపెట్టి, గాలిలో పదివేల అణువులకు నాలుగు ఉండే కార్బన్ డయాక్సైడ్‌ను దోషిని చేయడం నాకు మింగుడు పడటం లేదు. దొంగ ఎదురుగా ఉండగా దారిన పోయేవాడిని పట్టుకున్నట్టుంది. లెక్కలతో రండి, తిట్లతో వద్దు.

లెక్కలబడి:
తాతగారూ, మీ భౌతికశాస్త్రంలో తప్పు లేదు. మనం వాడే శక్తంతా చివరికి వేడే. తప్పంతా పరిమాణంలో ఉంది.

మనుషులు వాడే శక్తి మొత్తం ఇంచుమించు 19 టెరావాట్లు, అంటే 19 పక్కన పన్నెండు సున్నాలు. భూమి ఉపరితలం 51 కోట్ల చదరపు కిలోమీటర్లు. భాగిస్తే చదరపు మీటరుకు 0.04 వాట్లు కూడా రాదు. అదే చదరపు మీటరు సూర్యుడి నుంచి సగటున ఇముడ్చుకునేది 240 వాట్లు. 1750 తర్వాత పెరిగిన కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే బయటికి పోవాల్సిన వేడిలో రెండు వాట్లకు పైగా అడ్డుకుంటోంది. మీ మంటకు అది యాభై రెట్లు.

టర్బైన్‌తాత:
ఈ సగటు అన్నది పెద్ద మాయ. నిప్పు మీద ఒక కాలు, మంచులో ఒక కాలు పెట్టి సగటున హాయిగా ఉన్నాను అన్నట్టు. పెద్ద నగరాల నడిబొడ్డున చదరపు మీటరుకు పదులు, ఒక్కోచోట వందల వాట్ల వేడి మనుషులే వదులుతున్నారని నేనూ చదివాను. ఇంకోటి, 0.04 అయినా రోజూ వస్తోంది. వందేళ్లు పేరుకుంటే ఎంతవుతుంది? చుక్క చుక్కగా పడినా కుండ నిండుతుంది.

లెక్కలబడి:
కుండకు అడుగున చిల్లు ఉంది, తాతగారూ. మట్టం పెరిగేకొద్దీ చిల్లులోంచి ధార కూడా పెరుగుతుంది. వేడెక్కిన వస్తువు వదిలే వికిరణం దాని పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది. భూమి ఒక డిగ్రీ వేడెక్కితే అంతరిక్షంలోకి చదరపు మీటరుకు మూడు వాట్ల పైచిలుకు అదనంగా పోతుంది. కాబట్టి మీ 0.04 వాట్లు భూమిని డిగ్రీలో వందోవంతు పెంచేసరికి వచ్చిందీ పోయిందీ సరిపోతాయి. ఆవిరి, మంచు వంటి ప్రతిస్పందనలు కలుపుకుంటే రెండుమూడు వందో వంతులు అనుకోండి. ఎన్నేళ్లు మండించినా అంతకు మించదు, వాడకం పెంచితే తప్ప.

కార్బన్ డయాక్సైడ్ అలా కాదు. అది చిల్లునే బిగిస్తుంది. నగరం సంగతి ఒప్పుకుంటున్నాను. అక్కడ మీరు చెప్పింది నిజం.

మేఘమాల:
తాతగారు కూలింగ్ టవర్ల దగ్గర బతికినవారు కాబట్టి ఆ దారిలోనే చెబుతాను. భూమి మీద వేడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోవడానికి మూడు మార్గాలున్నాయని బడిలో చదివాం: వహనం, సంవహనం, వికిరణం. వహనానికి తాకిడి కావాలి, సంవహనానికి గాలో నీరో కదలాలి. భూమి చుట్టూ ఉన్నది శూన్యం, అక్కడ తాకడానికీ కదలడానికీ ఏమీ లేదు. ఇంటికి గదులెన్ని ఉన్నా బయటికి తలుపు ఒక్కటే అన్నమాట, వికిరణం.

లోపల మాత్రం మహా సందడి. కిలో నీరు ఆవిరి కావడానికి దాదాపు 25 లక్షల జౌళ్లు కావాలి. తడి చేతి మీద ఊదితే చల్లగా అనిపించేది ఇందుకే, ఆవిరి మన చర్మంలోంచి వేడిని లాక్కుపోతుంది. సముద్రాలూ నేలా కలిసి చేసేది ఇదే పని, సగటున చదరపు మీటరుకు 80 వాట్ల చొప్పున. ఆ ఆవిరి కిలోమీటర్ల ఎత్తున మబ్బుగా మారినప్పుడు మోసుకెళ్లిన వేడిని అక్కడ దించుతుంది. తుపాను ఊపిరంతా ఈ దించిన వేడే. అందులో గాలిగా మారేది చాలా కొద్ది వంతు. మీ టర్బైన్ కన్నా ఎంతో అధ్వానమైన యంత్రం!

అయితే ఇదంతా మెట్లెక్కించడమే కానీ గడప దాటించడం కాదు. గడప దగ్గర ఎవరున్నారన్నదే ప్రశ్న.

ఎదురుప్రశ్న:
గడప దగ్గర ఎవరున్నా ఇప్పటికే తలుపు మూసేశారు కదా? కార్బన్ డయాక్సైడ్ తనకు చేతనైన తరంగదైర్ఘ్యాల్లో పరారుణ కిరణాలను, అంటే కంటికి కనిపించని వేడి కిరణాలను, నేల నుంచి కొద్ది దూరంలోనే పూర్తిగా మింగేస్తుంది. కిటికీకి నల్లరంగు ఒకసారి పూశాక రెండో పూత వేస్తే గది ఇంకా చీకటవుతుందా? ఈ అభ్యంతరం 1900లోనే స్వీడన్‌కు చెందిన శాస్త్రవేత్త ఆంగ్‌స్ట్రామ్ లేవనెత్తాడు. ఈ వేదికలో దీనికి జవాబు చెప్పినవాళ్లు నాకు ఇంతవరకూ కనిపించలేదు.

మేఘమాల:
మంచి ప్రశ్న, వెటకారంగా అనడం లేదు. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో శాస్త్రవేత్త అర్రీనియస్ 1896లో వేసిన లెక్కను పక్కన పెట్టడానికి చాలామందికి ఆ అభ్యంతరమే సాకయింది. 1938లో గై కాలెండర్ అనే ఇంగ్లిష్ ఇంజనీరు మళ్లీ తవ్వి తీసేదాకా సుమారు నలభై ఏళ్లు ఆ లెక్క మూలనే పడి ఉంది.

కిటికీ పోలికలో లోపం ఏమిటంటే, నల్లరంగు మింగి ఊరుకుంటుంది, గాలి ఊరుకోదు. మింగినదాన్ని పైకీ కిందికీ తిరిగి వెదజల్లుతుంది. ఒక పొర వదిలినది పై పొర మింగుతుంది, అది వదిలినది ఆపై పొర. ఇలా పాకుతూ పోయి, పైన మింగేవాళ్లు లేనంతగా గాలి పలచబడిన ఎత్తు నుంచే వేడి అంతరిక్షంలోకి పారిపోతుంది. భూమి మొత్తానికి సగటు తీస్తే ఆ ఎత్తు అయిదు కిలోమీటర్ల పైచిలుకు, అక్కడి చలి మైనస్ 18 డిగ్రీలు. అంతరిక్షం నుంచి కొలిస్తే భూమి మైనస్ 18 డిగ్రీల వస్తువులాగే కనిపిస్తుంది. మనం నిలబడిన చోట సగటు మాత్రం 15.

ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్ పెంచండి. కింద ఏమీ మారకపోవచ్చు, మీరన్నది నిజం. కానీ పైన పారిపోయే ఎత్తు ఇంకాస్త పైకి జరుగుతుంది. అక్కడ చలి ఎక్కువ, చల్లని గాలి వదిలే వికిరణం తక్కువ. లోపలికి 240 వాట్లు వస్తూనే ఉన్నాయి, బయటికి అన్ని పోవడం లేదు. ఆ తేడా లోపలే మిగులుతుంది, మళ్లీ సమానమయ్యేదాకా.

నిర్వాహకుడు:
వ్యక్తిగత దూషణ ఉన్న రెండు సమాధానాలు తీసేశాను. ఉష్ణగతికశాస్త్రం మీద ఎంతైనా కొట్లాడుకోండి, ఒకరి వయసు మీద ఒకరు కాదు.

నడిసంద్రం:
నాది చిన్న మాట. ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం 1991 జూన్‌లో బద్దలైంది. తాతగారి సూత్రం ప్రకారం అంత నిప్పు కక్కితే భూమి వేడెక్కాలి. మరుసటి ఏడు ప్రపంచ సగటు దాదాపు అర డిగ్రీ *తగ్గింది*. అది పైకి విసిరిన గంధక వాయువు స్ట్రాటో ఆవరణంలో, అంటే మబ్బులకు పైనుండే గాలిపొరలో, సన్నని తెరలా పరుచుకుని, రెండేళ్ల దాకా ఎండలో కొంత తిప్పికొట్టింది. కొండ లోపలి నిప్పు లెక్కలోకే రాలేదు, పైన పరిచిన పలచని తెర లెక్కలోకి వచ్చింది.

టర్బైన్‌తాత:
ఇది బాగుంది. ఎదురుదెబ్బే అయినా బాగుంది. అయితే తెర ఎండను ఆపిందంటే నమ్ముతాను, అది కంటికి కనిపిస్తుంది. కనిపించని వాయువు వేడిని ఆపుతోందని ఎవరైనా *కొలిచారా*, లేక అంతా కాగితాల మీదేనా? కొలవనిది నేను నమ్మను. మా దగ్గర ఒక గేజీ చూపించేది ఇంకో గేజీతో సరిపోకపోతే యంత్రం ఆపేసేవాళ్లం.

లెక్కలబడి:
కొలిచారు, రెండు గేజీలతోనే. పైన ఉపగ్రహాలు లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ కొలుస్తున్నాయి. కింద దాదాపు నాలుగువేల ఆర్గో తేలియాడే పరికరాలు సముద్రంలో రెండు కిలోమీటర్ల లోతు దాకా మునిగి లేస్తూ నీటి వేడి కొలుస్తున్నాయి. ఈ మధ్య సంవత్సరాల్లో రెండూ చెబుతున్నది ఒకటే: భూమిలో చదరపు మీటరుకు సుమారు ఒక వాట్ మిగిలిపోతోంది. ఇందులో నూటికి తొంభై పాళ్లు చేరేది సముద్రంలోకే.

ఇప్పుడు దాన్ని మొత్తం భూమికి హెచ్చవేయండి. 500 టెరావాట్ల పైమాటే. మీ బాయిలర్లు, మోటార్లు, విమానాలు, అణుకేంద్రాలు అన్నీ కలిపినా 19. పందొమ్మిది పోస్తే అయిదువందలు నిండడం ఏ గేజీ లెక్క?

టర్బైన్‌తాత:
భూగర్భం నుంచి వచ్చే వేడి?

లెక్కలబడి:
47 టెరావాట్లు. అదీ వందేళ్ల క్రితం ఎంతో ఇప్పుడూ అంతే.

మేఘమాల:
ఇంకో గుర్తు కూడా ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. కింద మంట పెరిగినా, సూర్యుడు మండిపడినా పై గాలి కూడా వేడెక్కాలి. చిల్లు బిగిస్తే మాత్రం కింద వేడి, పైన చలి. స్ట్రాటో ఆవరణం చల్లబడుతుందని శాస్త్రవేత్తలు మనాబే, వెదరాల్డ్ 1967లోనే లెక్క కట్టి చెప్పారు. ఉపగ్రహాల కొలతలు మొదలైన తర్వాత పైపొరలు నిజంగానే చల్లబడుతూ వచ్చాయి. కింది స్ట్రాటో ఆవరణంలో ఓజోన్ తగ్గుదలకూ వాటా ఉంది, దాచను. పైకి వెళ్లేకొద్దీ ప్రధాన కారణం కార్బన్ డయాక్సైడే. మీ మంట సిద్ధాంతంతో ఈ చలిని పుట్టించి చూపించండి.

రెండోవైపు:
అందరూ తాతగారి మీద పడ్డారు కాబట్టి ఆయన వైపు ఒక్క మాట. శక్తి వాడకం ఏడాదికి 2.3 శాతం చొప్పున పెరుగుతూ పోతే వందేళ్లకు పదింతలవుతుంది. 0.04 కాస్తా 0.4, మరో వందేళ్లకు 4. అప్పుడు కార్బన్ డయాక్సైడ్ మొత్తం లేకుండా చేసినా, బొగ్గు స్థానంలో అణుశక్తే వాడినా తాతగారి వేడే భూమిని ఉడికిస్తుంది. ఇది తప్పు సిద్ధాంతం కాదు, రెండువందల ఏళ్లు తొందరపడిన సిద్ధాంతం.

ఇక్కడ గాలికీ ఎండకీ ఒక తేడా ఉంది. గాలిమర తిప్పే శక్తి ఎటూ చెట్లకూ అలలకూ రాసుకుని వేడిగా మారేదే. కొత్తగా చేరేదేమీ లేదు. సౌర పలకలు మాత్రం లేత రంగు ఇసుక మీద పరిస్తే, అంతవరకూ వెనక్కి పోయే ఎండను కొంత మింగుతాయి. అంటే అవి పూర్తిగా అమాయకం కాదు. అయినా బొగ్గుతో పోల్చదగ్గది కాదు. 2015లో శాస్త్రవేత్తలు జాంగ్, కాల్డీరా వేసిన లెక్క ప్రకారం శిలాజ ఇంధనం మండినప్పుడు వచ్చిన వేడిని, దాని వాయువు ఆపే వేడి రెండు నెలల్లోపే దాటిపోతుంది. ఆ వాయువు గాలిలో ఉన్నంతకాలం కలిపితే లక్ష రెట్లకు పైగా.

టర్బైన్‌తాత:
లక్ష రెట్లా! ఒక బొగ్గుపెళ్లను నేను ఒకసారి మండించాను, అది ఇంకా మండుతూనే ఉందన్నమాట. ఈ అంకె చదివి రాత్రి నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టక మేడ మీదికి వెళ్లాను. బేరింగుల వేడి చూడటానికి వాడిన పరారుణ థర్మామీటరు, తుపాకీలా ఉండేది, ఒకటి నా దగ్గర ఉంది. నేల మీద గురిపెడితే 24 డిగ్రీలు. మబ్బు లేని నడినెత్తిన ఆకాశానికి గురిపెడితే మైనస్ 11. ఒక గంటకు మబ్బు కమ్మింది, అదేచోట గురిపెడితే 13. గాలి మారలేదు, కాలం మారలేదు, ఒక్క మబ్బు వచ్చినందుకు ఆకాశం ఇరవై నాలుగు డిగ్రీలు వేడెక్కి కనిపించింది. మేము బాయిలర్‌కు ఉన్ని చుట్టినప్పుడు కూడా ఇంత తేడా చూడలేదు.

ఎదురుప్రశ్న:
పప్పులో కాలేశారు. ఆ పరికరం సాధారణంగా పనిచేసేది 8 నుంచి 14 మైక్రాన్ల తరంగదైర్ఘ్యాల మధ్య (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). కార్బన్ డయాక్సైడ్ ప్రధానంగా మింగేది 15 దగ్గర. మీరు చూసింది మబ్బునీ ఆవిరినీ, ఆ వాయువును కాదు.

మేఘమాల:
ఎదురుప్రశ్న గారు చెప్పింది అక్షరాలా నిజం. అందుకే ఆ పనికి వర్ణపటమాపకాలు, అంటే ఒక్కో తరంగదైర్ఘ్యాన్ని విడదీసి కొలిచే పరికరాలు, కావాలి. 2000 నుంచి 2010 దాకా అమెరికాలో ఓక్లహోమా, అలాస్కాలలో నేల మీద నుంచి ఆకాశాన్ని అలాగే చూశారు. కార్బన్ డయాక్సైడ్ కిందికి పంపే వికిరణం పదేళ్లకు చదరపు మీటరుకు 0.2 వాట్ల చొప్పున పెరిగింది. ఫలితం 2015లో అచ్చయింది. తాతగారు అడిగిన గేజీ ఇదే.

టర్బైన్‌తాత:
0.2 వాట్లు పసిగట్టే గేజీ! దాన్ని దేనితో సరిచూస్తారో, ఎన్నాళ్లకొకసారి సరిచూస్తారో ఎవరైనా చెప్పండి. మిగతా సంగతి ఆ తర్వాత ఒప్పుకుంటాను.