అప్‌డేట్: మేళాకు వెళ్లలేదు, నీడ కొలిచాం

'పిల్లలను ప్రాంతీయ సైన్స్ మేళాకు తీసుకెళ్లే వీలు లేదు, బదులుగా ఏం చేయొచ్చు?' అని అడిగింది నేనే. ఉత్తరాన ఉన్న ఇంకో బడితో జతకట్టి ఎరటోస్తనీస్ ప్రయోగం (రెండు చోట్ల మధ్యాహ్నపు నీడలను కొలిచి, భూమి చుట్టుకొలత లెక్కగట్టే పాత గ్రీకు పద్ధతి) చేయమన్నారు ఒకరు. చేశాం, రెండు చోట్లా ఒకే రోజు.

మీటరు కర్ర నిలబెట్టి, పదకొండున్నర నుంచి ఐదు నిమిషాలకోసారి నీడ కొస దగ్గర చుక్క పెట్టించాను. సరిగ్గా పన్నెండింటికే నీడ అన్నిటికంటే పొట్టిగా ఉంటుందని పిల్లలు పందెం కాశారు. పన్నెండు దాటినా చుక్కలు ఇంకా కర్ర వైపే జరుగుతుంటే వాళ్ల మొహాలు చూడాలి! గడియారం మధ్యాహ్నం వేరు, సూర్యుడి మధ్యాహ్నం వేరు అని నేను చెప్పాల్సిన పనే లేకపోయింది.

బడుల మధ్య ఉత్తర దక్షిణ దూరం 220 కిలోమీటర్లు, రెండు చోట్లా అతి పొట్టి నీడను బట్టి లెక్కేసిన సూర్యకిరణాల కోణాల తేడా 1.7 డిగ్రీలు. లెక్కకడితే భూమి చుట్టుకొలత దాదాపు 46,600 కిలోమీటర్లు వచ్చింది. అసలుది 40,000 చిల్లర. తప్పు మాదే: దారానికి రాయి కట్టి, కర్ర నిటారుగా ఉందో లేదో చూసుకోలేదు.

పక్క ఊరి బడితో మాత్రం చేయకండి. డిగ్రీకి దాదాపు 111 కిలోమీటర్లు కాబట్టి, దూరం తక్కువైతే కొలతలో పొరపాటే అసలు తేడాను మింగేస్తుంది.

రాత్రీపగలూ సమానమయ్యే రోజున మళ్లీ చేద్దామని అవతలి టీచరుగారు పట్టుబడుతున్నారు. ఈసారి దారం, రాయి ఆయనే పంపుతారట.