బొల్లారం రాష్ట్రపతి నిలయం చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

నమస్కారమండీ. మాది విశాఖ, మద్దిలపాలెం. మా నాన్నగారికి 76 ఏళ్లు. సికింద్రాబాద్ బొల్లారంలో ఉన్న రాష్ట్రపతి నిలయం చూడాలని ఒకటే పట్టు. ఇదివరకు రాష్ట్రపతి విడిదికి వచ్చి వెళ్లాక కొద్దిరోజులే జనాన్ని రానిచ్చేవారు. మేం టికెట్లు చూసుకునేలోపే గడువు అయిపోయేది. 2023 ఉగాది నుంచి ఏడాది పొడవునా చూడనిస్తున్నారు కదా, ఇక నాకు సాకు దొరకడం లేదు.

అసలు మోజంతా అక్కడి సొరంగం మీద. వంటింటి నుంచి భోజనాల గదికి దారి అట. "అంటే వడ్డించేవాడు కనపడకుండానే పులుసు వచ్చేసేదన్నమాట" అని కనిపించిన ప్రతివాళ్లకీ చెబుతున్నారు.

ఆయనకి మోకాళ్ల నొప్పులు. చేతికర్ర లేనిదే మేడ మెట్లు దిగలేరు. ఆ సొరంగంలోకి మెట్లు ఎన్ని ఉంటాయి? పట్టుకోవడానికి కమ్మీ ఉందా? ఆవరణ దాదాపు 90 ఎకరాలు, అంతా నడవాల్సిందేనా, వీల్‌చైర్ అడిగితే ఇస్తారా?

ఇంకోటి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తెల్లవారుజామున దిగి, ఎక్కడా రూమ్ తీసుకోకుండా నేరుగా వెళ్దామని ప్లాన్. బ్యాగులు గేటు దగ్గర పెట్టుకోనిస్తారా? పోయినేడు ఒక మ్యూజియం దగ్గర సామాను లోపలికి వద్దన్నారు, నేను రెండు గంటలు చెట్టు కింద సూట్‌కేసులకి కాపలా కాశాను. సోమవారం సెలవని తెలుసు, మంగళవారం వెళ్దామనుకుంటున్నాం. పెద్దవాళ్లని తీసుకెళ్లినవాళ్లు చెబితే ఈ వారంలోనే ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసేస్తాను.