శాంతినికేతన్‌లో కళాభవన, రవీంద్ర భవన: రెండు రోజుల్లో ఏవి చూడాలి, బయటివారికి ప్రవేశం ఎలా?

ప్రశ్న: తెనాలి డ్రాయింగు మాస్టారు

అందరికీ నమస్కారం. నేను తెనాలి దగ్గర ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చిత్రలేఖనం బోధిస్తున్నాను. సిమెంటు విగ్రహాలు చేసే మా బంధువు ఒకరితోను, మరో ఇద్దరు మిత్రులతోను కలిసి ఈ డిసెంబరులో శాంతినికేతన్ వెళ్లాలని అనుకుంటున్నాం. విశ్వభారతి విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే మ్యూజియం, చిత్రశాల, నాట్యశాల అన్నీ ఉన్నాయని చదివాను గాని, వాటిలో ఏవి సందర్శకులకు తెరిచి ఉంటాయో, ఏవి విద్యార్థులకు మాత్రమే పరిమితమో తెలియడం లేదు. మాకు రెండు రోజులే వ్యవధి ఉంది. రాంకింకర్ బైజ్ శిల్పాలను, వినోద్ బిహారీ ముఖర్జీ కుడ్యచిత్రాలను దగ్గరగా చూడాలన్నది మా ముఖ్యోద్దేశం. డిసెంబరు చివర్లో అక్కడ జరిగే పౌష మేళా అనే సంత రోజులకు చేరుకునేలా వెళ్లడం మంచిదా, లేక ముందే వెళ్లి రావాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: కళాభవన పూర్వ విద్యార్థిని

మాస్టారూ, శాంతినికేతన్ కళను చిత్రశాలల్లోనే వెతికితే సగం కూడా మీ కంట పడదు. 1919లో విశ్వభారతి లలితకళల శాఖ అయిన కళాభవన మొదలై, ఆ తరువాత చిత్రకారుడు నందలాల్ బోస్ దాని బాధ్యత తీసుకున్నాక, పాఠం చెప్పే గది గోడ, హాస్టలు పైకప్పు, గ్రంథాలయం వరండా, చెట్ల మధ్య ఖాళీ స్థలం, ఇవన్నీ అభ్యాసానికి పనికివచ్చే తావులే అయ్యాయి. 1927లో జైపూర్ నుంచి నర్సింగ్‌లాల్ అనే చిత్రకారుణ్ణి రప్పించి, తడి సున్నపు పూత మీద రంగు వేసే అక్కడి పద్ధతిని విద్యార్థులకు నేర్పించింది కూడా పాత గ్రంథాలయం గోడల మీదనే.

మీ బంధువుగారికి తప్పక చూపవలసినది 1938 నాటి 'సంథాల్ కుటుంబం', సంథాల్ గిరిజనుల శిల్పం. ఇనుప చట్రం కట్టి, సిమెంటులో ఆ నేలలో దొరికే ఎర్రటి లాటరైటు గులకను కలిపి, ఆ ముద్దను చట్రం మీదికి విసిరి, ఆరీ ఆరకముందే చెక్కుతూ రాంకింకర్ దానిని తీర్చారు. మన ప్రాంతంలో విగ్రహానికి చివరన నున్నటి పూత పూసి రంగు వేయడం అలవాటు. అక్కడ గులకరాయి గులకరాయిగానే పైకి కనిపిస్తూ, వలస పోతున్న ఆ మనుషుల ఒంటి చర్మం లాగానే అనిపిస్తుంది. కావడి బుట్టలో కూర్చున్న పిల్లవాణ్ణి, కాళ్ల పక్కనే నడిచే కుక్కను చూడడానికి చుట్టూ తిరగాలి. ఎదురుగా నిలబడి ఫోటో తీసుకుని వెళ్లిపోతే ఆ శిల్పం అర్థం కాదు. 1956లో చేసిన 'మిల్లు పిలుపు' కూడా దగ్గరలోనే ఉంది. అందులో మిల్లు కూత విని ఇద్దరు స్త్రీలు పరుగెత్తుతుంటారు. వెనక్కి ఎగిరే బట్ట బరువును సిమెంటుతో ఎలా నిలబెట్టారో వృత్తిలో ఉన్నవారు చెబితే నాకూ వినాలని ఉంది.

కాలో బాడీ అనే నల్లటి మట్టి ఇల్లు మరచిపోకండి. మట్టి గోడల మీద ఉబ్బెత్తు బొమ్మలు తీర్చి, వానకు కరగకుండా తారు పూశారు. మహాబలిపురం, భార్హుత్ శిల్పాల అనుకరణలు అందులో గుర్తుపడతారు. అది విద్యార్థుల నివాసం కనుక బయటి గోడల వరకే చూసి రావడం మర్యాద. రోడ్డు వైపు కనిపించే నలుపు తెలుపు కుడ్యచిత్రాల భవనం చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ పని; దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

జవాబు 2: గోడబొమ్మలు

వినోద్ బిహారీ గురించి అడిగారు కనుక ఒక్క విషయం చేరుస్తాను. ఆయన ముఖ్యమైన కుడ్యచిత్రం కళాభవనలో లేదు, హిందీ భవనలో ఉంది. చాలామంది ఈ తేడా తెలియక వెనుదిరుగుతారు. 1946, 47 సంవత్సరాలలో మధ్యయుగపు భక్త కవుల జీవితాలను ఒక గదిలో మూడు గోడల పైభాగాన, తలుపులకు ఎగువగా, తడి సున్నం మీద చిత్రించారు. గోడంత నమూనాను ముందుగా గీసుకుని దించే పద్ధతి పాటించకుండా, చిన్న చిన్న చిత్తు బొమ్మల ఆధారంతో నేరుగా గోడ మీదికి వెళ్లారు. పుట్టుకతోనే ఒక కంట చూపు లేక, రెండో కంట చాలా మందమైన చూపు ఉన్న మనిషి అంత పొడవున కబీరును, సూరదాసును, తులసీదాసును ఒకే ప్రవాహంలో నడిపించడం నాకు ఇప్పటికీ నమ్మశక్యం కాదు. 1957లో ఆయనకు ఉన్న చూపూ పోయింది. అయినా 1972లో కళాభవన గోడకు పలకల కూర్పుతో మరో కుడ్యచిత్రం చేశారు. రెండింటినీ ఒకే రోజు చూడండి.

హిందీ భవన తరగతులు జరిగే శాఖ. ముందుగా కార్యాలయంలో అడిగి, తరగతి లేని వేళ లోపలికి వెళ్లాలి.

జవాబు 3: బోల్‌పూర్ ప్రయాణికుడు

పౌష మేళాకు వెళ్లమనే నా సలహా. బావుల్ అనే బెంగాలీ జానపద గాయకులను అంత సమీపంగా వినే అవకాశం మరెక్కడా దొరకదు.

జవాబు 4: కళాభవన పూర్వ విద్యార్థిని

బావుల్ పాట కోసం అయితే సరే, కాని మాస్టారి ప్రశ్న శిల్పాల గురించి, కుడ్యచిత్రాల గురించి. డిసెంబరు 23 అటూ ఇటూగా వచ్చే ఆ మేళా రోజుల్లో పక్కనే ఉన్న బోల్‌పూర్ పట్టణంలో గది దొరకడమే కష్టం, ఇక ఏ శాఖ తలుపు తట్టినా పలికే తీరిక ఎవరికీ ఉండదు. డిసెంబరు 3 నందలాల్ జయంతి. దానిని పురస్కరించుకుని 1, 2 తేదీలలో కళాభవనలో నందన్ మేళా జరుగుతుంది. విద్యార్థులు, అధ్యాపకులు తాము చేసిన మట్టి పాత్రలు, అచ్చు చిత్రాలు, నగలు, క్యాలెండర్లు అమ్ముతారు. వచ్చిన సొమ్ము విద్యార్థుల సహాయ నిధికి చేరుతుంది. కళాభవన ప్రాంగణంలో బయటివారు నిస్సంకోచంగా తిరగగలిగే రోజులు అవే. అయితే వాటిలో బుధవారం పడిందేమో క్యాలెండరులో చూసుకోండి. విశ్వభారతిలో వారాంతపు సెలవు ఆదివారం కాదు, బుధవారం. ఉత్తరాయణ ప్రాంగణంలోని రవీంద్ర భవన మ్యూజియం ఆ రోజు మూసి ఉంటుంది. 1891 నాటి అద్దాల మందిరంలో ఉదయం ఉపాసన మాత్రం జరుగుతుంది.

ఉత్తరాయణంలో ఠాగూరు నివసించిన ఐదు ఇళ్లు ఉన్నాయి. సమయం తక్కువైతే శ్యామలి ఒక్కటైనా నిదానంగా చూడండి. 1935లో పైకప్పుతో సహా మట్టితో కట్టిన ఇల్లు అది. గోడల మీది ఉబ్బెత్తు పని నందలాల్ బృందానిది. మ్యూజియంలో కనిపించే నోబెల్ పతకం నకలు మాత్రమే, అసలుది 2004లో దొంగల పాలైంది.

తెనాలి డ్రాయింగు మాస్టారు

ఎంతో వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నవంబరు 30 రాత్రికి చేరేలా టికెట్లు చూస్తున్నాను. హిందీ భవన అనుమతికి నోటి మాట సరిపోతుందా, కాగితం పెట్టుకోవాలా?

జవాబు 5: గోడబొమ్మలు

కాగితమే మంచిది. మీ పాఠశాల లెటర్‌హెడ్ మీద, ప్రధానోపాధ్యాయుల సంతకంతో, వచ్చే నలుగురి పేర్లు, తేదీ, చూడదలచినది స్పష్టంగా రాసి, ముందుగానే ఒక ప్రతిని శాఖాధిపతికి పంపండి. మరో ప్రతిని చేత్తో తీసుకెళ్లండి. మన తెలుగు చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు నందలాల్ దగ్గర శిక్షణ పొందినవారే కనుక, తెలుగు చిత్రలేఖన ఉపాధ్యాయుడినని రెండు మాటలు చేర్చడం సందర్భోచితంగానే ఉంటుంది. ఫోటోలు తీయాలనుకుంటే ఆ సంగతి కూడా అందులోనే అడగండి, అక్కడికి వెళ్లాక అడిగితే సాధారణంగా వద్దంటారు.