అప్రోచ్‌లో (రన్‌వేకు దిగే చివరి దశలో) ఆటోమేషన్ మాట వినకపోతే: చేత్తో నడిపి దిగాలా, గో అరౌండ్ (దిగడం మానుకుని మళ్లీ పైకి వెళ్లడం) చేయాలా?

గగనవిహారి:
రన్‌వే ఎదురుగా కనిపిస్తూ, విమానం వెయ్యి అడుగుల లోపు ఎత్తులో ఉండగా, ఆటోమేషన్ తాము కోరిన పని కాక మరొకటి చేస్తోందని పైలట్లకు అనుమానం వస్తే ఏం చేయాలన్నది ప్రశ్న. మోడ్‌లు (ఆటోమేషన్ పనిచేసే పద్ధతులు) మారుస్తూ కాలం వృథా చేయకుండా ఆటోపైలట్ తీసేసి, స్వయంగా నడిపి దిగాలని నా అభిప్రాయం. 1990 ఫిబ్రవరి 14న ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605 బెంగళూరులో దిగబోతూ కూలి, అందులోని 146 మందిలో 92 మంది మరణించారు. ఇంజన్లను ఐడిల్‌లో (కనిష్ఠ శక్తిలో) ఉంచే ఓపెన్ డిసెంట్ మోడ్‌లో తమ ఎ320 దిగుతోందని పైలట్లు గ్రహించేసరికి ఆలస్యమైపోయింది. 2013 జులై 6న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏషియానా 214 విషయంలోనూ ఇంచుమించు ఇదే జరిగింది. చేత్తో నడిపే అలవాటు తప్పిపోవడమే రెండింటికీ మూలం.

మేఘమాల:
గగనవిహారి గారూ, మీరు ఎంచుకున్న ఉదాహరణలే మీ వాదనకు అడ్డు వస్తున్నాయి, ఎందుకంటే రెండు విమానాల్లోనూ చివరి దశలో ఆటోపైలట్ తీసేసే ఉంది. ఏషియానా సంగతి చూడండి. ఆ రోజు 28 ఎడమ రన్‌వేకు, దిగే వాలును చూపే గ్లైడ్ స్లోప్ సంకేతం లేదు, వాతావరణం మాత్రం నిర్మలంగా ఉంది. ఉండవలసిన దానికంటే ఎత్తులో ఉన్న బోయింగ్ 777ను త్వరగా దించాలని పైలట్, ప్యానెల్‌లో పెట్టిన ఎత్తుకు విమానాన్ని తీసుకెళ్లే ఫ్లైట్ లెవెల్ చేంజ్ మోడ్ ఎంచుకున్నారు. అయితే ప్యానెల్‌లో అప్పటికే 3,000 అడుగుల ఎత్తు పెట్టి ఉండటంతో విమానం దిగడం మాని పైకి ఎక్కబోయింది. ఆయన ఆటోపైలట్ తీసేసి థ్రాటిల్ మీటలను వెనక్కి లాగారు. దాంతో ఇంజన్ శక్తిని తానే సర్దే ఆటోథ్రాటిల్ హోల్డ్‌లోకి (మీటలను కదపకుండా వదిలేసే స్థితిలోకి) వెళ్లి వేగాన్ని చూసుకోవడం మానేసింది. 137 నాట్లు ఉండవలసిన వేగం సుమారు 103 నాట్లకు పడిపోయింది. వంద అడుగుల కంటే కిందికి వచ్చాక గో అరౌండ్‌కు ప్రయత్నించారు గాని అప్పటికే సమయం మించిపోయింది. ముగ్గురు మరణించారు.

బెంగళూరులోనూ అంతే. విమానాన్ని ఎటు నడపాలో స్క్రీన్‌పై చూపే ఫ్లైట్ డైరెక్టర్లను ఇద్దరివీ ఆపితే తప్ప, ఆ స్థితిలో ఆటోథ్రస్ట్ (ఎయిర్‌బస్‌లో ఆటోథ్రాటిల్ లాంటిది) వేగాన్ని నిలిపే మోడ్‌కు రాదు. ఒకరిది ఆపారు, రెండోది అలాగే ఉండిపోయింది. విమానాన్ని తాను నడిపితే చాలు, వేగాన్ని యంత్రం కనిపెట్టుకుని ఉంటుందన్న ఈ పని పంపకమే నన్ను భయపెడుతుంది.

శంషాబాద్ ప్రయాణికుడు:
నేను పైలట్‌ను కాను. చడీచప్పుడు లేకుండా పని మానేసే యంత్రాన్ని తయారుచేసినవారిని వదిలి, దాన్ని నమ్మినవారిని మాత్రమే నిలదీయడం న్యాయమా?

మేఘమాల:
వారిని వదలలేదు. అమెరికా దర్యాప్తు సంస్థ ఏషియానా ప్రమాదానికి ప్రధాన కారణం సిబ్బంది అప్రోచ్‌ను నిర్వహించిన తీరేనని చెబుతూనే, ఆ వ్యవస్థల సంక్లిష్టతను, వాటి గురించి బోయింగ్ పత్రాలలోనూ ఏషియానా శిక్షణలోనూ ఉన్న లోపాలను కూడా దోహదం చేసిన కారణాల్లో చేర్చింది. ఇక చడీచప్పుడు మాటకొస్తే, 777లో మోడ్ మారినప్పుడు స్క్రీన్ పైభాగంలో ఆ పేరు చుట్టూ పది సెకన్లపాటు ఆకుపచ్చ గడి కనిపిస్తుంది. దాన్ని చూసి పైకి చదవడం పైలట్ల పని. సిమ్యులేటర్‌లో నేను గమనించినది చెబుతాను: పని ఒత్తిడి పెరగగానే మొదట ఆగిపోయేది ఆ చదవడమే.

అందుకే, అనుమానం వచ్చిందంటే దిగే ఆలోచన మానుకుని గో అరౌండ్ చేయాలని నేను అంటాను.

గగనవిహారి:
605లో ఆటోపైలట్ సంగతి నేను మరచిన మాట నిజమే. కానీ గో అరౌండ్‌ను మీరు మరీ సులువుగా చూస్తున్నారు. 1994 ఏప్రిల్ 26న నగోయాలో చైనా ఎయిర్‌లైన్స్ 140 కోపైలట్ పొరపాటున గో అరౌండ్ మీట కదిలించారు. ఆయన ముక్కును కిందికి నెడుతుంటే, ఆ తర్వాత పెట్టిన ఆటోపైలట్ తోక రెక్కను పైకెత్తే వైపు తిప్పుతూ పోయింది. ఆ ఎ300 విమానం స్టాల్ అయి (రెక్కలు ఎత్తే బలం కోల్పోయి) కూలి 264 మంది మరణించారు. అక్కడ గో అరౌండ్ మోడే ఉచ్చయింది కదా!

మేఘమాల:
ఆ ఉచ్చు బిగిసింది వారు ఇంకా దిగాలనే ప్రయత్నించడం వల్ల. మోడ్ కోరినట్టు పైకి వెళ్లిపోయి ఉంటే విమానం, మనుషులు ఒకే దిశలో పోయేవారు.

గగనవిహారి:
అది ఒప్పుకుంటాను. అయితే నా మాటను ఇలా సవరిస్తాను: ఆటోపైలట్‌తోపాటు ఆటోథ్రాటిల్ కూడా తీసేసి, చేత్తోనే గో అరౌండ్ చేయాలి. 2009లో ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర టర్కిష్ ఎయిర్‌లైన్స్ 1951 నంబరు విమానంలో కోపైలట్ ముందుకు నెట్టిన మీటలను, తీసేయకుండా ఉంచిన ఆటోథ్రాటిల్ మళ్లీ వెనక్కి లాగేసింది. నేల నుంచి ఎత్తును కొలిచే ఎడమవైపు రేడియో ఆల్టిమీటర్ మైనస్ 8 అడుగులు చూపిస్తే, నేలకు దిగుతున్నామనుకుంది అది.

మేఘమాల:
ఈ సవరణతో నాకు పేచీ లేదు. ఇక మిగిలింది సాధన. సిమ్యులేటర్‌లో గో అరౌండ్ ఎక్కువగా రెండు వందల అడుగుల దగ్గర, ముందే తెలిసి, తరచూ ఒక ఇంజన్ ఆగిన స్థితిలో చేయిస్తారు. అసలైనది ఏ తొమ్మిది వందల అడుగుల దగ్గరో, రెండు ఇంజన్లూ బాగానే ఉండగా, ఎవరూ అనుకోనప్పుడు వస్తుంది.