40 మంది పిల్లలు, 4 ఫోన్లు: అందరూ మాట్లాడక తప్పని ఆట ఉందా?

లెక్కల టీచర్:
8వ తరగతి, తెలుగు మీడియం, 45 నిమిషాల పీరియడ్, నెట్ లేదు. క్విజ్ యాప్ ఇస్తే చురుకైన ఒక్కరే నొక్కుతున్నారు, మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటున్నారు. ఏం చేయాలి?

సైన్స్ టీచర్:
"కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్" అనే బాంబు ఆపే ఆట పెట్టండి మేడమ్. ఫోన్ పట్టుకున్నవాళ్లకు బాంబు కనిపిస్తుంది, ఎలా ఆపాలో తెలియదు. మాన్యువల్ ఉన్నవాళ్లకు పద్ధతి తెలుసు, బాంబు కనిపించదు. యాప్ కొనాలి, మాన్యువల్ పీడీఎఫ్ మాత్రం ఉచితం. ఒకసారి దించుకుంటే నెట్ అక్కర్లేదు.

మొదటి బాంబుకు 5 నిమిషాలు, 3 భాగాలు: వైర్లు, బటన్, కీప్యాడ్. కాబట్టి జట్టుకు ఐదుగురు చాలు. ఒకరికి ఫోన్, ముగ్గురికి తలా ఒక భాగం పేజీ, ఐదోవాళ్లు ఏ మాట దగ్గర తికమక వచ్చిందో రాసుకుంటారు. 3 తప్పులకు బాంబు పేలుతుంది. తప్పు జరిగిన ప్రతిసారీ గడియారం వేగం కూడా పెరుగుతుంది. ఫోన్ ఉన్నవాళ్లను అటు తిప్పి కూర్చోబెట్టండి. తెర కనిపించిందా, మాటలు ఆగిపోతాయి.

కంప్యూటర్ టీచర్:
పిల్లలు తడబడేది వైర్ల పేజీలో. 3 వైర్లుంటే నియమం ఇది: ఎరుపు లేకపోతే రెండోది కత్తిరించాలి. ఉంటే, చివరిది తెలుపైతే చివరిది. అదీ కాకపోతే, నీలం ఒకటికి మించి ఉంటే చివరి నీలం. ఏదీ కాకపోతే చివరిది. ఇప్పుడు పైనుంచి నీలం, నీలం, ఎరుపు అనుకోండి. కత్తిరించాల్సింది రెండోది. మధ్యలో ఒక షరతు వదిలేసినవాళ్లు మూడోది కత్తిరిస్తారు. వరస తప్పకుండా చదవడమే ఇక్కడ అసలు పాఠం.

కీప్యాడ్‌లో వింత గుర్తులుంటాయి. ఒకటి అచ్చం త్రిశూలంలా ఉంటుంది. ఆటకు ముందే 10 నిమిషాలిచ్చి ప్రతి గుర్తుకూ పిల్లల చేతే తెలుగు పేరు పెట్టించండి. ముందుకెళ్తే ఒకేలా పలికే ఇంగ్లీషు మాటల భాగం వస్తుంది. తెలుగు మీడియం పిల్లలకు అది వద్దు.

లెక్కల టీచర్:
మిగతా 20 మందికి ఏం పని చెప్పాలి సార్?

సైన్స్ టీచర్:
వాళ్లకు కాగితం ఆట. అట్టముక్క మీద 3 నుంచి 6 రంగు గీతలు గీసి, పక్కన పేజీలో అడిగే సీరియల్ నంబరు ఒకటి రాసి ఒకరు దాచుకుంటారు, ఎదుటివాళ్లు అదే వైర్ల పేజీతో అడిగి తేల్చాలి. 15 నిమిషాలకు చోట్లు మార్చండి. రెండో విడతలో ఫోన్ కొత్త చేతికే వెళ్లాలి, లేదంటే మళ్లీ ఆ చురుకైన పిల్లల దగ్గరికే చేరుతుంది.