క్లాసులు అయ్యాయి, పరీక్షలు పాసయ్యారు, కానీ రక్తస్రావం తగ్గించే మందు డోసు ఆలస్యం ఆగట్లేదు. మీ దగ్గర ఏం పనిచేసింది?

ట్రామా ఇన్‌చార్జి నర్సు:
బాగా రక్తం పోతున్న పేషెంటుకు దెబ్బ తగిలిన 3 గంటల్లోపే ట్రానెక్సామిక్ యాసిడ్ (రక్తస్రావం తగ్గించే మందు) మొదలుపెట్టాలన్నది మా ప్రోటోకాల్. మొదటి గ్రాము 10 నిమిషాల్లో, రెండో గ్రాము 8 గంటల పాటు. దీని మీద క్లాసులు పెట్టారు, గోడకు పోస్టర్ అంటించారు, పరీక్షలో అందరూ పాసయ్యారు. అయినా నైట్ డ్యూటీలో డోసు ఆలస్యమవుతూనే ఉంది. మా నర్సులకు తెలియక కాదు, నిర్లక్ష్యం అసలే కాదు. ప్రాణం పెట్టి పనిచేస్తారు. మేనేజ్‌మెంట్ మాత్రం ఇంకో క్లాసు పెడదామంటోంది. నాకు అది సరైన దారి అనిపించట్లేదు.

ఎమర్జెన్సీ డాక్టర్:
మీరన్నది నిజం మేడమ్. ముందు మందు ఎక్కడుందో చూడండి. మా దగ్గర ఫార్మసీలో ఉండేది. ఇండెంట్ (మందు కావాలని చీటీ) రాసి, మనిషిని పంపి, అది చేతికొచ్చేసరికే సగం టైమ్ అయిపోయేది. ఇప్పుడు రెండు డోసులూ, సెలైన్, ఐవీ సెట్ అన్నీ ఒకే పెట్టెలో పేషెంటును దించే బెడ్ పక్కనే ఉంటాయి. కేస్ షీట్‌లో అన్నిటికన్నా పైన 'దెబ్బ తగిలిన సమయం' అని గడి పెట్టాం. అది అడగకపోతే 3 గంటలు ఎక్కడి నుంచి లెక్కపెడతారు?

ఇంకోటి, డాక్టర్ రాసేదాకా ఆగాలా, స్టాండింగ్ ఆర్డర్ (ముందే రాసిపెట్టిన అనుమతి) ప్రకారం నర్సే మొదలుపెట్టొచ్చా అన్నది మేనేజ్‌మెంట్ కాగితం మీద తేల్చాలి. అది తేల్చకుండా ఆలస్యాన్ని నర్సుల మీదకు నెట్టడం అన్యాయం.

సీనియర్ స్టాఫ్ నర్సు:
3 గంటల గడువు ఎందుకో కారణం కూడా చెప్పండి అక్కా. 2010లో వచ్చిన క్రాష్-2 పరిశోధనలో 40 దేశాల నుంచి 20 వేల మందికి పైగా పేషెంట్లున్నారు. మొదటి గంటలో ఇస్తే లాభం ఎక్కువ. 3 గంటలు దాటాక ఇస్తే రక్తస్రావంతో చనిపోయే ప్రమాదం పెరిగింది. 'లేటైనా ఇచ్చేద్దాం, పోయేదేముంది' అనుకునేవాళ్లు ఈ మాట విన్నాకే గడియారం చూడటం మొదలుపెట్టారు.

ట్రామా ఇన్‌చార్జి నర్సు:
గడి, పెట్టె రెండూ వెంటనే చేయగలం. ఎవరు ఎంత ఆలస్యం చేశారో లెక్కలు బయటపెట్టమని మేనేజ్‌మెంట్ అంటోంది. దానికి మాత్రం నాకు భయంగా ఉంది.

క్వాలిటీ విభాగం:
పేర్లతో పెట్టొద్దండి. పేర్లు పెడితే మరుసటి నెల నుంచి టైమ్‌లు సరిగ్గా రాయడమే మానేస్తారు. షిఫ్ట్ మొత్తానికి ఒక లెక్క చాలు. ఆడిట్ ఫలితాలు చెప్పడంపై 2012 నాటి కోక్రేన్ సమీక్ష (చాలా పరిశోధనలను కలిపి చూసినది) ఎలా చెప్పాలో దారి చూపిస్తుంది: పై అధికారో తోటి ఉద్యోగో చెప్పాలి, ఒక్కసారితో వదలకూడదు, నోటితోనూ రాతలోనూ చెప్పాలి, లక్ష్యం, దాన్ని చేరే ప్లాన్ రెండూ ఉండాలి. మార్పు చిన్నదే కావచ్చు, ట్రామాలో ఆ చిన్నది చాలా విలువైనది.

నైట్ షిఫ్ట్ లెక్కను నైట్ వాళ్లకే, వాళ్ల డ్యూటీ టైమ్‌లోనే చెప్పండి. పగలు మీటింగ్ పెడితే నిద్ర మానుకుని ఎవరొస్తారు?

ట్రామా ఇన్‌చార్జి నర్సు:
మా మీటింగులన్నీ పగలే జరుగుతున్నాయి. మొదటి లెక్క నేనే నైట్ హ్యాండోవర్‌లో (డ్యూటీ అప్పగించే సమయంలో) కూర్చుని చెప్తాను. స్టాండింగ్ ఆర్డర్ నమూనా ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి, మెడికల్ సూపరింటెండెంట్ ముందు పెడతాను.